ఆగిన గుండెపై నర్సు చేయి



వీరఘట్టములో జన్మించి, విజయనగరములో వ్యాయామోపాధ్యాయులై, పిదప దేశదేశములలో పేరు గాంచిన కోడి రామమూర్తినాయుడుగారిని గూర్చి మన ప్రాంతమున వినని వారుండరు. ఆయన రొమ్ముపై ఏనుగు నెక్కించుకొనెడివారనియు, ఊపిరి బిగించి ఉక్కుగొలుసులను తెంచెడివారనియు మన తాతలు చెప్పగా వింటిమి. మనుష్యుని రొమ్ము ఎంత బరువు నోర్వగలదో ఆయన లోకమునకు చూపిరి.

నేడు నేను చెప్పబోవునది ఏనుగు బరువును గూర్చి కాదు. ఒక సామాన్య స్త్రీ, ఆస్పత్రిలో నర్సు, తన రెండు అరచేతులతో ఆగిపోయిన మనుష్యుని రొమ్మును రెండంగుళముల లోతున నొక్కుటను గూర్చి. ఆ నొక్కుటయందు గుండె మరల కదలవచ్చును. పోయినదనుకొన్న ప్రాణము నిలువవచ్చును. దీనిని వైద్యులు హృదయ శ్వాసకోశ పునరుజ్జీవన మందురు, ఆస్పత్రులలో సీ.పీ.ఆర్. అను పొట్టిపేరుతో పిలుతురు. ఈ పనిని చేయుటకు నర్సునకు అధికార మెట్లు వచ్చెను? ఎంత కాలమునకు వచ్చెను? ఆ ఆలస్యమునుండి మన గ్రామములు నేర్చుకొనవలసిన దేమి? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ముందుగా ఒక చిన్న లెక్క చెప్పెదను. గుండె ఆగిన వెంటనే మెదడునకు రక్తము పోవుట మానును. కొన్ని క్షణములలో మనిషి తెలివి తప్పును. సుమారు 4 నిమిషములు గడచునప్పటికి మెదడు చెడ నారంభించును. 10 నిమిషములు ఎవరును చేయి వేయక యున్నచో బ్రతుకుట మిక్కిలి అరుదు. రొమ్ము నొక్కువారు లేక గడచిన ఒక్కొక్క నిమిషమునకు బ్రతికెడి అవకాశము నూటికి 7 మొదలు 10 పాళ్లు తగ్గుచుండునని వైద్యులు లెక్కగట్టిరి. మన పల్లెలలో ఏ డాక్టరు 4 నిమిషములలో రాగలడు? పట్టణములందలి పెద్ద ఆస్పత్రిలో సైతము డాక్టరు ఒక వార్డునుండి మరియొక వార్డునకు వచ్చుసరికి ఆ 4 నిమిషములును గడచిపోవును. రోగి ప్రక్కన ఎల్లప్పుడును ఉండునది నర్సు. కావున ఈ చరిత్ర యంతయు నొక్క ప్రశ్న చుట్టు తిరుగును: దగ్గరనున్న చేయి పని చేయవలెనా, దూరముననున్న పెద్దచేతి కొరకు వేచియుండవలెనా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఊపిరి ఆగినవారిని బ్రతికించు ప్రయత్నములు మొదట నీట మునిగినవారి విషయమున సాగినవి. మన యేరులలో ఎవరైన మునిగినచో, పైకి తీసి తలక్రిందులుగా పట్టి ఊపుట, కడుపు నొక్కి నీరు కక్కించుట మీలో చాలమంది చూచియే యుందురు. ఇది మన అజ్ఞానమే యని సిగ్గుపడ నక్కరలేదు. ఐరోపా వారును మునిగినవానిని పీపాపై పొర్లించిరి. గుఱ్ఱముపై అడ్డముగా వేసి పరుగెత్తించిరి. పొగాకు పొగను శరీరములోనికి ఊదిరి. 1767లో ఆంస్టర్‌డాం నగరమునను, 1774లో లండను నగరమునను నీట మునిగినవారిని రక్షించుటకై సంఘములు వెలసినప్పుడును ఇట్టి పద్ధతులు కొన్ని వాడుకలో నుండెను.

కాని అదే కాలమున సరియైన పద్ధతియు కొందరికి తెలిసియుండెను. 1732లో స్కాట్లండు దేశమున టాసక్ అను శస్త్రవైద్యుడు, బొగ్గుగనిలో పొగ తగిలి పడిపోయిన యొక కూలివాని నోట తన నోటితో ఊపిరి ఊది బ్రతికించెను. 1740లో పారిసు విద్వత్పరిషత్తు మునిగినవారికి నోటితో ఊపిరి ఊదుట మేలని ప్రకటించెను. ఇంతకంటె ముందునుండియు పుట్టి ఏడ్వని శిశువుల నోట మంత్రసానులు ఊపిరి ఊదుచునే యుండిరి. వారి కెవరును పుస్తకమున చెప్పలేదు. బిడ్డ చేతిలో నుండగా చేతికి తోచినది చేసిరి. అయినను 1776 ప్రాంతమున వైద్యులు కొందరు దీనిని పామరజనులు శిశువులకు చేయు పనిగా పేర్కొని, కొలిమితిత్తి వంటి సాధనముతో గాలి కొట్టుటయే మేలనిరి. విద్వాంసుల మాట చెల్లెను. నోటితో ఊపిరి ఊదుట క్రమముగా వెనుకబడెను. పిదప తిత్తితో హెచ్చు గాలి కొట్టినచో ఊపిరితిత్తులు చెడునని తెలియగా తిత్తియు మూలబడెను.

ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచింపుడు. మంత్రసాని చేతి విద్య తప్పు కాదు. అది చేయువారు పామరులగుటచే ఆ విద్యయే పామరమైపోయెను. దాదాపు 180 ఏండ్లు గడచిన తరువాత అదే ఊపిరిని శాస్త్రజ్ఞులు మరల నెత్తిన పెట్టుకొనిరి. నడుమ ఎన్ని ప్రాణములు పోయెనో ఎవరు లెక్కించిరి?

పందొమ్మిదవ, ఇరువదవ శతాబ్దములందు రోగి చేతులను పైకెత్తి దించు పద్ధతి 1858లోను, బోర్ల పరుండబెట్టి వీపు నొక్కు పద్ధతి 1903లోను, ఆ రెంటిని కలిపిన మరియొక పద్ధతి 1932లోను వచ్చినవి. స్కౌటు పిల్లలు, పోలీసులు, ఓడలవారు వీనిని నేర్చిరి. ఇవి యన్నియు ఊపిరికి సంబంధించినవే. ఆగిన గుండెకు మాత్రము ఒక్కటే మార్గముగా నుండెను. 1901లో నార్వే దేశమున ఇగెల్స్‌రూడ్ అను వైద్యుడు ఒక స్త్రీ రొమ్మును కోసి, చేతితో గుండెను పిసికి ఆమెను బ్రతికించెను. అది మొదలు సుమారు 60 ఏండ్లు గుండె ఆగినచో కత్తి పట్టవలసియుండెను. కత్తి పట్టవలసినవాడు డాక్టరు. శస్త్రచికిత్స గదికి వెలుపల ఇది సాధ్యమగుట అరుదు.

ఆ కాలమున నర్సు చేయవలసినది మూడే పనులు: డాక్టరును పిలుచుట, కత్తి అందించుట, ప్రక్కన నిలువబడుట. 1860లో ఫ్లారెన్సు నైటింగేలు అమ్మ లండనులో స్థాపించిన విద్యాలయము నర్సింగును గౌరవనీయమైన వృత్తిగా చేసినది. పరిశుభ్రత, క్రమము, మెలకువ ఆ విద్యకు పునాదులు. అయినను డాక్టరు ఆజ్ఞ లేనిదే నర్సు ఏ చికిత్సయు చేయరాదనుట ఆ వృత్తికి గట్టి కట్టుబాటుగా నిలిచెను. రోగి కంటియెదుట పోవుచున్నను ఆజ్ఞ వచ్చువరకు ఆగవలసినదే.

ఇట మన ప్రాంతమును చూతము. విజయనగరములో ఘోషా ఆస్పత్రి యున్నది; విశాఖపట్టణములోను ఆ పేరుతో ఒక ఆస్పత్రి యున్నది. ఆ పేరే ఒక చరిత్ర. ఘోషా పాటించు స్త్రీలు పరపురుషుడైన డాక్టరు చేత నాడి చూపించుకొనుటకైనను ఇష్టపడక, ప్రసవవేదనలో ప్రాణములు విడిచెడి రోజులవి. 1885లో లేడీ డఫ్రిన్ పేరిట నిధి యేర్పడి, స్త్రీలకు స్త్రీలే వైద్యము చేయు ఏర్పాటులు దేశమంతట విస్తరించినవి. కెనడా దేశపు బాప్టిస్టు మిషనువారు మన శ్రీకాకుళము, సోంపేట ప్రాంతములలో వైద్యసేవ చేసిరి. 1923లో విశాఖపట్టణమున కింగుజార్జి ఆస్పత్రియు, వైద్యకళాశాలయు వెలసినవి. 1926లో మద్రాసు రాజధానిలో నర్సులను, మంత్రసానులను నమోదు చేయు చట్టము వచ్చినది.

అయినను నర్సు వృత్తిలోనికి ఎవరు వచ్చిరి? పెద్ద కులములవారు తమ ఆడపిల్లలను పంపుటకు జంకిరి. అన్యుల మలమూత్రములు ముట్టుట, రాత్రివేళ పని చేయుట, పరపురుషుల శరీరము తాకుట తప్పని తలచిరి. కావున క్రైస్తవ కుటుంబముల బాలికలు, దిక్కులేని వితంతువులు ఎక్కువగా ఈ పనిలో ప్రవేశించిరి. మన ఇంటి రోగిని కాపాడినవారిని మన గడపలోనికి రానీయుటకు సంకోచించితిమి. ఫలితము 1946లో భోరు సంఘమువారు ప్రకటించిన నివేదికలో కనబడును. బ్రిటిషు ఇండియాలో నాడు సుమారు 7,000 మంది నర్సులుండిరి; అనగా 43,000 జనులకు ఒక్క నర్సు. నర్సు ఇంత అరుదైనచోట ఆమె యేమి చేయవలెను, ఏమి చేయరాదు అను ప్రశ్నయే పుట్టదు గదా! 1947లో భారత నర్సింగు మండలి చట్టము వచ్చినది. విద్యకు ఒక ప్రమాణము ఏర్పడినది.

స్వాతంత్ర్యము వచ్చిన పదేండ్లకు, అమెరికా దేశమున బాల్టిమోరు నగరములో రెండు గొప్ప పరిశోధనలు జరిగినవి. పీటర్ సాఫర్ అను వైద్యుడు 1957-58 ప్రాంతమున, తమంతట తాము ముందుకు వచ్చినవారికి మత్తుమందిచ్చి, ఊపిరి కండరములు కదలకుండ చేసి, వారికి ఇతరులచేత నోటితో ఊపిరి ఊదించి చూచెను. చేతులెత్తు పద్ధతులకంటె నోటి ఊపిరియే మేలని తేలెను. తల వెనుకకు వంచి గడ్డము పైకెత్తినచో నాలుక అడ్డు తొలగి గాలి పోవునని స్పష్టమయ్యెను. ఆ ఊపిరి ఊదినవారిలో వైద్యులు కాని సామాన్యులును ఉండిరి. మంత్రసాని విద్య మరల గౌరవము పొందెను.

ఆ నగరముననే 1960లో జాన్సు హాప్కిన్సు విద్యాలయమునకు చెందిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు, రొమ్ము కోయనక్కరలేకయే పైనుండి నొక్కి గుండెను నడిపింపవచ్చునని ప్రకటించిరి. వీరిలో కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాదు, విద్యుత్ శాస్త్రజ్ఞుడు. రొమ్ము ఎముకకును వెన్నెముకకును నడుమ గుండె యున్నది. పైనుండి నొక్కినపుడు రక్తము బయటికి పోవును. విడిచినపుడు మరల నిండును. దీనికి రెండు చేతులు తప్ప మరేమియు అక్కరలేదనియు, ఎవరైనను ఎచ్చటనైనను చేయవచ్చుననియు వారు వ్రాసిరి. కత్తి అవసరము తీరినది. కత్తితోపాటు కత్తి పట్టువాని కొరకు వేచియుండు అవసరమును తీరవలసినది.

కాని అంత సులభముగా తీరలేదు. చేయి యున్నది, విద్య యున్నది, అనుమతి లేదు. ప్రక్కటెముకలు విరుగునేమో, తెలియనివారు చేసినచో హాని కలుగునేమో యని వైద్యసంఘములు కొంతకాలము సందేహించినవి. 1961లో డెస్మండ్ జూలియన్ అను వైద్యుడు, గుండెపోటు వచ్చినవారి నందరిని ఒకచోట నుంచి, గుండె నడకను యంత్రముతో ఎడతెగక కనిపెట్టుచు, అచ్చటి నర్సులతో సహా అందరికిని రొమ్ము నొక్కుట నేర్పవలెనని వ్రాసెను. 1962లో అమెరికాలోని కాన్సాసు నగరమున హ్యూసు డే అను వైద్యుడు అట్టి విభాగమును నడిపెను. దాదాపు అదే సమయమున ఫిలడెల్ఫియా నగరములో లారెన్సు మెల్ట్‌జర్ అను వైద్యుడును, రోజ్ పినియో అను నర్సును కలిసి మరియొక విభాగమును నిర్మించిరి.

ఈ విభాగములలో ఒక కఠిన సత్యము తేలినది. యంత్రము గంట కొట్టును, నర్సు చూచును, డాక్టరునకు కబురు పోవును, డాక్టరు పరుగెత్తి వచ్చును, అప్పటికే ఆలస్యమగును. యంత్రములెన్ని కొనినను నర్సు చేతికి అధికారము లేనిదే ప్రయోజనము లేదు. అందుచే వారు ఆ కాలమునకు గొప్ప సాహసము చేసిరి. గుండె నడక గీతలను చదివి నిర్ణయించుట నర్సునకు నేర్పిరి. గుండె వణకుచున్నచో విద్యుత్తుతో కొట్టి సరిచేయు డీఫిబ్రిలేటరు అను యంత్రమును డాక్టరు రాకకు ముందే నర్సు తానుగా వాడుటకు అనుమతించిరి. నైటింగేలు అమ్మ విద్యాలయము పుట్టిన నూరేండ్లకు నర్సు ఆజ్ఞ కొరకు నిలువబడుట మాని, ప్రాణము పోవుచున్నపుడు తాను ముందు చేయి వేసినది. 1966లో అమెరికా జాతీయ విద్వత్పరిషత్తు వైద్యవృత్తిలోని వారందరికిని ఈ విద్య నేర్పవలెనని చెప్పినది. 1974లో సామాన్య జనులకును నేర్పవలెనని ప్రకటన వెలువడినది. డాక్టరునుండి నర్సునకు, నర్సునుండి పౌరునకు. ఇది యీ విద్య నడచిన దారి.

మన దేశమున ఈ దారి మొదట పురిటిగదిలోనికి వచ్చినదనుట తగును. పుట్టిన శిశువులలో నూటికి సుమారు పదిమందికి ఊపిరి మొదలిడుటకు కొంత సహాయము కావలెను. 1990లో భారత నవజాత శిశువైద్య సంఘమువారు నవజాత పునరుజ్జీవన శిక్షణను మన దేశమున ప్రారంభించిరి. 2009లో కేంద్రప్రభుత్వము నవజాత శిశు సురక్షా కార్యక్రమము పేరిట, కాన్పులు చేయు నర్సులకును ఏ.ఎన్.ఎం.లకును ఈ విద్య నేర్పించుట కారంభించెను.

మన మంత్రసానులు ఏడ్వని బిడ్డను వీపుపై చరచుట, చన్నీరు చల్లుట మీ కందరకు తెలిసినదే. చన్నీరు బిడ్డను చల్లబరచి హానిచేయునని నేడు తెలిసినది. శిక్షణ పొందిన నర్సు ముందుగా పొడిబట్టతో బిడ్డను తుడిచి, వెచ్చగా నుంచి, వీపును మెల్లగా నిమురును. అప్పటికిని ఊపిరి తీయనిచో పుట్టిన నిమిషములోపల, ముక్కును నోటిని కప్పు ముసుగుగల చిన్న గాలితిత్తిని చేతితో నొక్కి ఊపిరి యిచ్చును. శిశువు విషయమున గుండెకంటె ఊపిరియే ముఖ్యము; ఊపిరి అందినచో గుండె తానే కోలుకొనుట తరచుగా జరుగును. ఈ నిమిషములో డాక్టరును పిలుచుటకు వ్యవధి లేదు. ఒకనాడు పామరమని త్రోసివేయబడిన మంత్రసాని పని నేడు ప్రభుత్వ శిక్షణతో నర్సు చేతికి తిరిగి వచ్చినది.

ఇప్పుడు మన రెండు పట్టణముల చుట్టునున్న సీమను కన్నులయెదుట ఉంచుకొనుడు. శ్రీకాకుళము జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరమున్నది. నాగావళి, వంశధార, చంపావతి పారుచున్నవి. పాలకొండ, సీతంపేట, కురుపాము, సాలూరు వైపు కొండలున్నవి. అచ్చటి గూడెములనుండి రోగిని డోలీలో మోసికొని వచ్చుట మనము ఎరిగినదే. మత్స్యకారుడు సముద్రమున మునుగును. రైతు తడిచేతితో మోటారు మీట నొక్కి విద్యుద్ఘాతమున పడును. వానకారున పొలములో పిడుగు తగులును. రాత్రి నేలపై పరుండినవానిని కట్లపాము కరచును. ఈ నాలుగింటిలోను గుండెయో ఊపిరియో హఠాత్తుగా ఆగును. దేహము మాత్రము మొదట దృఢముగనే యుండును. కట్లపాము విషము ఊపిరి కండరములను స్తంభింపజేయును, గుండె కొట్టుకొనుచునే యుండును. అట్టివానికి ఆస్పత్రి చేరువరకు ఊపిరి యిచ్చుచున్నచో, విషమునకు విరుగుడు మందు పనిచేయుటకు వ్యవధి దొరకును. పిడుగు తగిలి పడినవాడు చచ్చినట్లు కనబడినను వెంటనే రొమ్ము నొక్కినచో లేచుటకు అవకాశము మెండు.

ఉద్దానపు సీమ కథ వేరు. మూత్రపిండముల వ్యాధి అచ్చట వేలకొలది కుటుంబములను క్రుంగదీసినది. సోంపేట, పలాస, కవిటి మొదలగుచోట్ల డయాలిసిసు కేంద్రములు నడుచుచున్నవి. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును, ఆస్పత్రియు ప్రారంభమైనవి. మూత్రపిండములు చెడినవారి రక్తములో పొటాషియము అను లవణము పెరిగినచో గుండె హఠాత్తుగా ఆగవచ్చును. డయాలిసిసు మంచము ప్రక్కన నాలుగేసి గంటలు కాచుకొనియుండునది నర్సు. ఆ గదిలో గుండె ఆగినచో మొదట చేయి వేయవలసినదియు ఆమెయే. 

వ్యవస్థయు కొంత మారినది. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశమున 108 అంబులెన్సు సేవ మొదలైనది. అందు శిక్షణ పొందిన సహాయకుడు ఉండును. శ్రీకాకుళములో 2008లోను, విజయనగరములో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. 2018 తరువాత గ్రామముల ఆరోగ్యకేంద్రములలో నర్సింగు పట్టము పొందినవారిని నియమించుచు వచ్చిరి. ఒకనాడు 43,000 జనులకు ఒక్కతెగా నుండిన నర్సు నేడు మన ఊరి వీధిలోనికి వచ్చినది. ఆమె రోగి ప్రాణమును నిలుపుటయేగాక, ఆశా కార్యకర్తలకు, విద్యార్థులకు ఈ విద్యను నేర్పగల గురువును అయినది.

ఇంత చెప్పి, మిమ్ము భ్రమపెట్టుట నా ఉద్దేశము కాదు. ఈ ప్రయత్నము ప్రతివానిని బ్రతికింపదు. మంచి ఏర్పాట్లుగల దేశములలో సైతము, ఆస్పత్రి వెలుపల గుండె ఆగినవారిలో పదిమందికి ఒక్కరు బ్రతికి ఇల్లు చేరుట గొప్ప. నొక్కునపుడు ప్రక్కటెముక విరుగుటయు కలదు. మరియు నిండు వయస్సున, తీరని వ్యాధితో, కాలము సమీపించినవాని రొమ్ము నొక్కుట మేలు కాదు. అట్టివానికి కావలసినది శాంతి, బిడ్డల చేతి తులసితీర్థము. ఎప్పుడు చేయి వేయవలెనో, ఎప్పుడు చేయి తీయవలెనో రోగి కుటుంబముతోను డాక్టరుతోను ముందుగా మాటాడి యుంచుటయు నేటి నర్సు ధర్మములలో ఒకటి. పోరాడుటకును, సాగనంపుటకును రెంటికిని ఆమె సాక్షి.

ఇక మీతో నాకు గల మనవి. ఈ చరిత్ర యంతయు చూచినచో విద్య లేక పోయిన ప్రాణములు కొన్ని. విద్య యుండియు, దగ్గరనున్న చేతికి అనుమతి లేక పోయిన ప్రాణములు మరికొన్ని. మంత్రసాని ఊపిరిని విద్వాంసులు అడ్డగించిరి. నర్సు చేతిని వైద్యసంఘములు కొంతకాలము ఆపినవి. నేడు గ్రామములో అడ్డు చెప్పగలవారెవరు? చట్టము కాదు, డాక్టరు కాదు. మనమే. పరాయి మగవాని రొమ్ముపై ఆడపిల్ల చేతులు వేయుట యేమని గుసగుసలాడుట, గుంపుగా మూగి గాలి రానీయకుండుట, పూనకమని మంత్రగానికి కబురు పంపుట, అన్నిటికంటె హీనముగా, రోగి పోయినచో నర్సుపై చేయి చేసికొనుట: ఈ నాలుగును అడ్డులే. కొట్టుదురను భయముగల చేయి, రెండంగుళముల లోతున ధైర్యముగా నొక్కగలదా?

గ్రామపెద్దల మాటకు ఇంకను విలువ గలదు. ఎవడైనను కుప్పకూలి, పిలిచినను పలుకక, ఊపిరి సరిగా తీయకుండినచో, మీరు గుంపును వెనుకకు పంపుడు. ఒకనిచేత 108కి ఫోను చేయింపుడు. మరియొకనిని నర్సు కొరకు పంపుడు. ఆమె వచ్చువరకు ఊరకుండక, బలముగల యువకుని పూనుకొమ్మనుడు. రోగిని గట్టినేలపై వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ ఎముకయొక్క క్రింది సగముపై ఒక అరచేయి, దానిపై రెండవ చేయి ఉంచి, మోచేతులు వంచక నిమిషమునకు 100 మొదలు 120 మారులు, 5 సెంటీమీటర్లకు తక్కువ కాకుండ, 6 దాటకుండ నొక్కవలెను. మన స్త్రీలు రోట దంపునపుడు రోకలి పూర్తిగా పైకి లేచినగాని మరల పోటు వేయరు గదా. అటులే ప్రతి నొక్కు తరువాత రొమ్మును పూర్తిగా పైకి లేవనీయవలెను. అలసిన రెండు నిమిషములకు మరియొకడు పూనుకొనవలెను. ఊపిరి ఊదుట తెలియనివారు పెద్దవారి విషయమున నొక్కుట యొక్కటియే చేసినను మేలని 2017లో భారత మత్తువైద్యుల సంఘమువారు సామాన్యుల కొరకు ప్రకటించిన పద్ధతియు చెప్పుచున్నది. మునిగినవారికిని, శిశువులకును, పాముకాటువారికిని మాత్రము ఊపిరి ప్రధానము. అది తెలిసినవారే ఊదవలెను. కావుననే తెలిసినవారు ఊరికి కొందరుండవలెను.

పంచాయతీ కార్యాలయముననో, పాఠశాలలోనో, రామమందిరపు అరుగుపైననో ఒక సాయంకాలము మీ ఊరి నర్సమ్మను పిలిపింపుడు. ఆమెకు కుర్చీ వేయించి, ఊరి యువకులను, యువతులను ఎదుట కూర్చుండబెట్టి, ఈ విద్య నేర్పింపుడు. మొదట మీరే ముందుకు వచ్చి ఆమె చెప్పినట్లు చేసి చూపినచో, పిన్నలకు సంకోచముండదు. ఒకనాడు గడపలోనికి రానీయని వృత్తికి మనము చెల్లింపవలసిన ఋణములో ఇది కొంత భాగము.

రామమూర్తినాయుడుగారి బలము అందరికి రాదు. ఏనుగును మోయు రొమ్ము వేయి సంవత్సరములకు ఒక్కటి పుట్టునేమో. కాని రొమ్మును నొక్కు రెండు చేతులు ప్రతి ఇంటను ఉన్నవి. వానికి నర్సమ్మ విద్య నేర్పును, అనుమతి మీరీయవలెను.